అక్కౌంట్ల కచేరిలో నాదశాస్త్రజ్ఞుడు : సర్ సి. వి. రామన్

కచేరి అను మాటకు తెలుగున రెండర్థములు కలవు. దస్త్రములతో నిండిన సర్కారు కచేరి యొకటి, శ్రుతిలయలతో నిండిన పాటకచేరి మరియొకటి. ఒకదానికి పోవువారు రెండవదానికి శ్రోతలుగా మాత్రమే పోవుట లోకములోని వాడుక. కాని పగలెల్ల మొదటిదానిలో లెక్కలు సరిచూచి, ప్రొద్దుటను రాత్రియు రెండవదాని రహస్యములను శోధించిన ఉద్యోగి యొకడు భారత ప్రభుత్వపు ఆర్థికశాఖలో ఉండెను. ఆయన చంద్రశేఖర వేంకట రామన్. 1930లో నోబెల్ బహుమానము పొందిన కాంతిశాస్త్రవేత్తగానే లోకము ఆయనను ఎరుగును. ఆ కాంతికి ముందు పదేండ్లకు పైగా ఆయన పరిశోధనలో అధికభాగము నాదమునకు సంబంధించినదని ఎరిగినవారు తక్కువ. నేడు పాటలు రికార్డుచేయు గదులలో కంప్యూటరు మీటలనుండి వయొలినును, మృదంగమును పలికించు విద్య యొకటి వర్ధిల్లుచున్నది. ఆ విద్యకు వేరులైన ప్రశ్నలలో కొన్నిటిని ఈ అక్కౌంట్ల అధికారి ఉద్యోగము చేయుచునే ఎత్తుకొనెను.

రామన్ 1888 నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లిలో జన్మించిరి. తల్లి పార్వతీ అమ్మాళ్, తండ్రి చంద్రశేఖర అయ్యరు. ఎనిమిదిమంది బిడ్డలలో ఆయన రెండవవారు. పుట్టినది తమిళ దేశమే యైనను ఆయన బాల్యము తెలుగువారి నడుమ గడచినది. 1892లో తండ్రికి విశాఖపట్టణమున మిసెస్ ఏ. వి. ఎన్. కళాశాలలో గణితము, భౌతికశాస్త్రము చెప్పు అధ్యాపకపదవి దొరకగా కుటుంబము విశాఖకు తరలివచ్చెను. సముద్రపుటొడ్డుననే ఉన్న సెయింట్ అలోషియస్ పాఠశాలలో రామన్ చదివిరి. పదునొకండవ ఏట మెట్రిక్యులేషనులో ఉత్తీర్ణులైరి. అయ్యరుగారికి పుస్తకములన్నను వయొలిన్ అన్నను సమానమైన మక్కువ. ఆ ఇంట భౌతికశాస్త్ర గ్రంథములు ఒక మూల, కమాను ఒక మూల ఉండెడివి. పెద్దకుమారుడైన సుబ్రహ్మణ్య అయ్యరు కూడ తరువాతి కాలమున రైల్వే ఆడిటులో ఉన్నతోద్యోగము చేసి, వయొలిన్ నేర్చి, కర్ణాటక సంగీత శాస్త్రముపై గ్రంథము వ్రాసిరి. లెక్కల తనిఖీ, తీగల నాదము ఈ రెండును ఆ కుటుంబమునకు వంశపారంపర్య మనిపించును.

మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో 1904లో బి. ఏ., 1907లో ఎం. ఏ. పట్టములను ప్రథమశ్రేణిలో పొందిరి. విద్యార్థిగా ఉండగనే 1906లో ఆయన తొలి వ్యాసము లండనులోని ఫిలసాఫికల్ మ్యాగజైనులో వెలువడెను. ఆ దినములలో ఆయన చేతబడిన గ్రంథములలో జర్మను పండితుడు హెల్మ్‌హోల్ట్జ్ నాదానుభూతిని గూర్చి 1863లో వెలువరించిన గ్రంథపు ఆంగ్లానువాద మొకటి. తన మనస్సును తీర్చిదిద్దిన మూడు పుస్తకములలో ఒకటిగా దానిని రామన్ జీవితాంతము ఎన్నుకొనిరి. ఇంగ్లండునకు పంపి చదివింపవలెనని గురువులు తలచిరి గాని, ఆ శీతలదేశపు వాతావరణమునకు ఈ బక్కపలుచని బాలుని దేహము ఓర్వదని మదరాసు సివిల్ సర్జను తేల్చివేసెను. సివిల్ సర్వీసు పరీక్షకు లండనుకు పోవలెను; ఆర్థికశాఖ పరీక్షకు ఆ అక్కర లేదు. ఆ పరీక్షకు కూర్చుండి 1907లో ప్రథమస్థానమున నిలిచిరి. ఆ సంవత్సరమే లోకసుందరీ అమ్మాళ్‌ను కట్నము గొనక వివాహమాడిరి. ఆమె వీణపై త్యాగరాజస్వామివారి తెలుగు కీర్తన నొకదానిని వాయించుచుండగా విని రామన్ మనసుపడిరని ప్రతీతి.

1907 జూనులో అసిస్టెంటు అక్కౌంటెంటు జనరలుగా కలకత్తా చేరిరి. అప్పటి రాజధాని కలకత్తాయే. ఒకనాడు ట్రాముబండిలో పోవుచు బౌబజారు వీథిలో 210వ నంబరు భవనముపై భారతీయ విజ్ఞాన సంవర్ధన సంఘమను పలకను చూచిరి. డాక్టరు మహేంద్రలాల్ సర్కారు 1876లో స్థాపించిన సంస్థ అది. భారతీయులు తమంత తాము పరిశోధనలు చేయవలెనని ఆయన తహతహ. భవనము లేచినది, పరికరములు వచ్చినవి, ఉపన్యాసములు జరిగినవి. పరిశోధించువారు మాత్రము రాలేదు. సర్కారుగారు ఆ దిగులుతోనే 1904లో కన్నుమూసిరి. మూడేండ్ల పిమ్మట తలుపు తట్టిన ఈ పద్ధెనిమిదేండ్ల ఉద్యోగికి సహాయకుడైన ఆశుతోష్ దేవు తలుపు తీసెను. ఆశుబాబు కళాశాల మెట్టు ఎక్కినవాడు కాడు. అయినను తరువాత పాతికేండ్లు రామన్ ప్రయోగములకు ఆయనయే కుడిచేయి.

నాటినుండి రామన్ దినచర్య వినదగినది. తెల్లవారక మునుపే ప్రయోగశాల; తొమ్మిదిన్నర దాటగనే ఇంటికి పరుగు, స్నానము, భోజనము, ఆపై అక్కౌంట్ల కచేరి; సాయంకాలము కచేరినుండి తిన్నగా మరల ప్రయోగశాల; ఇల్లు చేరునప్పటికి రాత్రి తొమ్మిదియో పదియో. ఆదివారములు పూర్తిగా ప్రయోగములవే. బదిలీలు ఆయననును విడువలేదు. 1909లో రంగూనునకు, పిదప నాగపూరునకు పంపిరి. ఎక్కడకు పోయినను ఇంటిలో ఒక గది తీగలతోను శ్రుతిదండములతోను నిండెడిది. 1911లో మరల కలకత్తా వచ్చిరి. చిత్రమేమన, ఆ సంవత్సరము డిసెంబరులోనే రాజధానిని ఢిల్లీకి మార్చుచున్నట్లు దర్బారులో ప్రకటన జరిగెను. బౌబజారునకు దూరమై ఆయన ఉద్యోగజీవితము రైసీనా కొండవైపు నడచి యుండినచో భౌతికశాస్త్ర చరిత్ర ఎట్లుండెడిదో ఊహించుట కష్టము.

ఆయన ఎత్తుకొన్న ప్రశ్న పైకి చిన్నది. వయొలిన్ తీగపై కమానును లాగినప్పుడు తీగ ఏమి చేయును? ఏ నాదమైనను ఒంటరి స్వరము కాదు. మూలస్వరముతో కూడ దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు పౌనఃపున్యము గల అనుస్వరములు పలుకుచుండును. వాని పాళ్ళనుబట్టియే వీణకు వీణతనము, నాదస్వరమునకు నాదస్వరతనము కలుగును. ఎంత చిక్కు తరంగమునైనను సాదా తరంగముల కూడికగా విడదీయవచ్చునని ఫ్రెంచి గణితజ్ఞుడు ఫూరియే 19వ శతాబ్ది ఆరంభముననే చూపియుండెను. కమాను తగిలిన తీగ వంపుగా ఊగదనియు, రెండు సరళరేఖలు ఒక మూలవద్ద కలిసినట్లుండి ఆ మూల తీగపొడవున పరుగులెత్తుననియు హెల్మ్‌హోల్ట్జ్ కనుగొనెను. కమాను వెంట్రుకలకు తీగ అంటుకొని కొంతదూరము కదలును, మూల వచ్చి తాకగనే పట్టువిడిచి జారును, మరల అంటుకొనును. సెకనునకు కొన్ని వందల పర్యాయములు జరుగు ఈ అంటుట, జారుటలే వయొలిన్ గానము.

హెల్మ్‌హోల్ట్జ్ కన్నది ఒక్క తీరు. కమానును వేరువేరు చోట్ల, వేరువేరు ఒత్తిడులతో లాగినప్పుడు పుట్టగల తీరులన్నిటిని రామన్ వర్గీకరించి లెక్కగట్టిరి. తీగపై ఇరువైపులకు పరుగెత్తు వేగతరంగములు, వాని నడుమ కమాను రాపిడి, చివరలయందు కొంత శక్తి నష్టము — ఇంతమాత్రమే తీసికొని మెట్టు మెట్టుగా కాగితముపై గీతలు గీయుచు ఆ తీగ తరువాతి క్షణమున ఎట్లుండునో నిర్ణయించిరి. ఫోటోగ్రాఫులతో సరిపోల్చిరి. ఈ విచారణ 1918లో సంఘపు బులెటినుగా వెలువడిన పెద్ద గ్రంథము. అంతకు ముందే 1916లో వయొలిన్ వర్గపు వాద్యములను పీడించు వృకస్వరమును, అనగా ఒకానొక స్థాయిలో తీగ చక్కగా పలుకక తోడేలువలె అరచుటను, పరిశీలించి వాద్యపు దేహమే ఆ స్థాయిలో విపరీతముగా ఊగి తీగనుండి శక్తిని లాగుకొనుట దానికి కారణమని చూపిరి.

మనిషి చేతిలో ఒత్తిడియు వేగమును ఏ రెండు మార్లును ఒక్కతీరుగ నుండవు. అందుచే 1920లో వాయించు యంత్రమునే నిర్మించిరి. అందులో కమాను కదలదు; వయొలినే బండిపై ముందు వెనుకలకు సమవేగముతో నడచును. స్వరము నిలుచుటకు కావలసిన కనీసపు ఒత్తిడి ఎంత, కమాను గుర్రమునకు దగ్గరయిన కొలది అది ఎట్లు హెచ్చును అని దానితో కొలిచిరి. గుర్రమునుండి దూరము సగమైనచో ఒత్తిడి ఇంచుమించు నాలుగింతలు కావలసి వచ్చును. ఫిడేలు విద్వాంసుడు గురువు దెబ్బలతో నేర్చుకొను సంగతి ఇక్కడ అంకెలలోనికి దిగినది.

ఈ నడుమ జీవితమును మార్చిన నిర్ణయమొకటి జరిగెను. కలకత్తా విశ్వవిద్యాలయ వైస్‌చాన్సలరుగా ఉండిన సర్ ఆశుతోష్ ముఖర్జీ పాలిత్ ఆచార్యపీఠమును స్వీకరింపుమని రామన్‌ను కోరిరి. విదేశములలో శిక్షణ పొందినవాడే ఆ పదవికి అర్హుడని నియమము. అట్టి శిక్షణకు తాను పోనని రామన్ స్పష్టముగా తెలిపిరి; నియమమునే సడలించవలసి వచ్చెను. జీతము ఇంచుమించు సగమునకు పడిపోవును. తండ్రి 1910లో గతించియుండిరి. ఆర్థికశాఖలో ముందు ముందు ఎత్తయిన మెట్లు వారికొరకు సిద్ధముగా నుండెను; పైయధికారులకు ఆయనను వదలుకొన ఇష్టము లేదు. గౌరవము, భద్రత, పించను గల కొలువును ఇరువదిఎనిమిదేండ్ల గృహస్థు విడుచుట అన్నంత తేలిక కాదు. కేంద్రోద్యోగి కుటుంబములవారికి ఆ తూనిక బరువెంతయో వేరుగ చెప్పనక్కరలేదు. 1917లో రామన్ రాజీనామా ఇచ్చి ఆచార్యులైరి.

పిదప ఆయన దృష్టి స్వదేశ వాద్యములపై గట్టిగా నిలిచెను. నిజమునకు 1909లోనే బిచ్చగాండ్ర ఏక్‌తారాపై ఒక వ్యాసము వ్రాసియుండిరి. 1921లో వీణ, తంబూరాలను పరీక్షించిరి. తీగను ఏ చోట మీటుదుమో ఆ చోట నిశ్చలముగా నుండవలసిన అనుస్వరము పలుకరాదని పాశ్చాత్య శాస్త్రనియమము. తంబూరా ఆ నియమమునకు లొంగదని, పలుకరాని అనుస్వరము కూడ స్పష్టముగ పలుకుచున్నదని రామన్ గమనించిరి. కారణము గుర్రములో ఉన్నది. వయొలిన్ గుర్రపు అంచు వాడిగా నుండును. తంబూరా గుర్రము వెడల్పుగా, కొద్దిగా గుబ్బగా నుండి, తీగ ఊగునప్పుడెల్ల దానిని తాకుచు విడుచుచుండును. తీగకు గుర్రమునకు నడుమ నూలుపోగు పెట్టి జీవా పట్టుటలో గాయకుడు సవరించుచున్నది ఈ స్పర్శనే. పేరులేని శిల్పులు శతాబ్దముల క్రిందటనే చెవితో సాధించిన దానిని గణితము అప్పటికి అందుకొన్నది.

అన్నిటికంటె గొప్పది మృదంగపు కథ. బిగించిన సాదా చర్మమును కొట్టినచో వెలువడు స్వరముల పాళ్ళు 1, 1.59, 2.14, 2.30 అను వరుసలో ఉండును. ఇవి పూర్ణసంఖ్యలు కావు గనుక ఒకదానితో ఒకటి కలియవు. అందుచే డప్పు మోత మాత్రమే గాని స్వరము గాదని ఐరోపా శాస్త్రజ్ఞుల నిర్ణయము. మృదంగమును తంబూరాకు శ్రుతిచేసి వాయించు దేశమున పుట్టినవానికి ఈ తీర్పు రుచింపక పోవుట సహజము. రామన్ దానిని వాదముతో గాక ఇసుకతో ఎదుర్కొనిరి. కుడిమూతపై సన్నని పొడి చల్లి కొట్టిచూచిరి. కదలని గీతలపై పొడి ప్రోగుపడి చిత్రములు ఏర్పడెను. శివకాళి కుమార్‌తో కలిసి 1920లో నేచర్ పత్రికలో ఈ ఫలితమును సంగ్రహముగా ప్రకటించిరి. 1934లో విస్తరించి వ్రాసిరి. మృదంగ తబలాలలో మొదటి ఐదు స్వరములును 1, 2, 3, 4, 5 అను పూర్ణసంఖ్యల పాళ్ళలోనే ఉండును. సాదా చర్మమున చెల్లాచెదరుగా నుండు తొమ్మిది కంపనరీతులు ఇచ్చట ఐదు గుంపులుగా చేరి ఒక్కొక్క గుంపు ఒక్కొక్క అనుస్వరమున కలిసిపోవును.

ఈ మార్పు చేయునది కుడిమూత నడుమనున్న నల్లని పూత. ఇనుపచిట్టెపు పొడిని అన్నముతో మెదిపి, పొరపై పొర వేసి, ఆరనిచ్చి, గుండ్రని రాతితో రుద్ది, నడుమ మందముగాను అంచులవైపు పలుచగాను దిద్దుదురు. ఆ బరువుచేత చర్మపు కంపనములు దారికి వచ్చును. అంచునున్న తోలు కట్టు అక్కరలేని హెచ్చు స్వరములను అణచును. వాదకుడు ఒక వ్రేలిని ఒకచోట ఆనించి వేరొకచోట కొట్టుటలో, తనకు తెలియకయే, ఇసుక గీసిన ఆ గీతలను అనుసరించుచున్నాడు. పూత పూయు చర్మకారునకు అక్షరము రాకపోవచ్చును. ఐనను ఐరోపా కర్మాగారములలో ఏ డోలును ఆ కాలమునాటికి ఈ స్థితికి రాలేదు.

1921లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయముల మహాసభకు పోయినప్పుడు లండనులోని సెయింట్ పాల్ దేవాలయపు గుసగుసల వసారాలో గోడవెంట శబ్దము ప్రాకుట విని అచ్చటనే ప్రయోగములు చేసిరి. తిరుగు ప్రయాణమున నార్కుండా ఓడపైనుండి చూచిన మధ్యధరా సముద్రపు నీలిమ ఆయనను కాంతివైపు లాగుకొనెను. అటుపిమ్మటి కథ ప్రసిద్ధము: 1924లో రాయల్ సొసైటీ సభ్యత్వము, 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితము, 1930లో నోబెల్ బహుమానము. ఐనను 1927లో జర్మనులు తమ బృహత్తర భౌతికశాస్త్ర గ్రంథమాలలో వాద్యములను గూర్చిన భాగమును వ్రాయుటకు ఎన్నుకొన్నది కలకత్తాలోని ఈయననే. ఆ కాలమున ఆయన శిష్యులలో మన తెలుగువారును కలరు. కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతము 1928లో కలకత్తా చేరి రామన్ వద్ద పనిచేసి, వాల్తేరులో ఆచార్యుడై, 1961లో ఢిల్లీలో రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు పదవిని అలంకరించెను.

1933లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు తొలి భారతీయ సంచాలకులైరి. అక్కడి పరిపాలన కలహములలో చిక్కి 1937లో ఆ పదవిని విడిచిరి. ఆచార్యత్వము మాత్రము 1948 వరకు నడచినది. మాట కరకు, మెత్తన తెలియని స్వభావమని మిత్రులే చెప్పుకొనుట కలదు. 1948లో స్వంత సంస్థను స్థాపించి, ప్రభుత్వ ధనము చేయిచాపక నడపుటకు పట్టుబట్టిరి. 1954లో భారతరత్న బిరుదమును తొలిసారి పొందిన మువ్వురిలో రాజగోపాలాచారి, రాధాకృష్ణపండితులతోపాటు ఆయనయును ఒకరు. 1970 నవంబరు 21న బెంగుళూరున పరమపదించిరి. ఆయన కోరిక మేరకు సంస్థ తోటలోనే దహనము జరిగెను.

యంత్రనాదపు యుగము అప్పటికే తలుపు తట్టుచుండెను. 1957లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మాక్స్ మాథ్యూస్ కంప్యూటరుచేత పదునేడు సెకనుల పాట పాడించెను. నాదమును అంకెలుగా మార్చు పద్ధతి చెప్పుకొనుటకు సులభము. శబ్దతరంగపు ఎత్తును క్షణక్షణమును కొలిచి వ్రాసికొనవలెను. 1982లో వెలువడిన కాంపాక్టు డిస్కులో సెకనునకు 44,100 కొలతలు. ఒక్కొక్క కొలతకు 65,536 మెట్లు. చెవి వినగల హెచ్చు పౌనఃపున్యము సెకనునకు 20,000 వరకు గనుక, దానికి రెండింతలకు మించి కొలతలు ఉండవలెను. తగ్గినచో సినిమాలో బండిచక్రము వెనుకకు తిరిగినట్లు కనబడునే, ఆ తీరున లేని స్వరములు పుట్టుకొని వచ్చును. ఈ విధముగ మృదంగపు దెబ్బ నొకదానిని పట్టి దాచుకొని మీట నొక్కినప్పుడెల్ల వినిపించుట శాంప్లింగు. శ్రుతి పెంచుటకై దానిని త్వరితముగ నడపినచో దెబ్బ పొట్టిదగుటయే గాక వాద్యపు దేహమే కుంచించుకొనిపోయినట్లు వినబడును. కాబట్టి ఒక్కొక్క దెబ్బను పలుశ్రుతులలో, పలుబలములతో వేరువేరుగ రికార్డుచేసి పెట్టుదురు.

1983లో ఏర్పడిన మిడి అను ఒడంబడిక ఇందుకు భిన్నము. జపానుకు చెందిన కాకెహాషి, అమెరికాకు చెందిన డేవ్ స్మిత్ దీనికి ముఖ్యులు. మిడి తీగలో శబ్దము ప్రవహింపదు. ఫైలుపై అధికారి వ్రాసిన టిప్పణివంటిది అది: ఫలానా మీట, ఇంత బలముతో, ఈ క్షణమున నొక్కబడినది, ఈ క్షణమున విడువబడినది. 0 మొదలు 127 వరకు 128 మీటలు, అన్నియే బలపు మెట్లు. పియానోకు ఇది చాలును. మన గమకమునకు చాలదు; స్వరములనడుమ జారు కంపితమును చెప్పుటకు 16,384 మెట్లు గల వేరొక ఆజ్ఞను వాడవలసి యున్నది.

ఆ 1983 సంవత్సరముననే మెకింటైర్, షూమేకర్, వుడ్‌హౌస్ అను మువ్వురు పండితులు వాద్యములు ఊగు తీరును కంప్యూటరున లెక్కించు పద్ధతిని ప్రకటించిరి. తీగ వెంట ఇరువైపులకు పరుగెత్తు తరంగములు, నడుమ రాపిడి, చివరల నష్టము: 1918లో రామన్ గీతలు గీసి సాధించిన మార్గమే, లక్షల మెట్లుగా. దాని తొలి సరళరూపమునకు ఆ శాస్త్రమున నేటికిని రామన్ నమూనా అనియే పేరు. సుబ్రహ్మణ్య అయ్యరుగారి కుమారుడు, రామన్‌కు అన్నకొడుకు అయిన చంద్రశేఖర్ నోబెల్ బహుమానము పొందినదియు ఆ యేటనే. రికార్డును దాచుకొనక, తీగ ఊగుటనే లెక్కగట్టి పలుకు సింథసైజరును యమహా సంస్థ 1994లో వి. ఎల్. 1 అను పేర అంగడికి తెచ్చెను.